అబూబక్రు చూపిన అధికారధర్మము



క్రీ. శ. 632లో మహమ్మదు ప్రవక్త నిర్యాణానంతరము, వస్త్రవ్యాపారియైన అబూబక్రు మదీనా నగరమున ప్రథమ ఖలీఫా యయ్యెను. ఆయన మసీదులో ప్రజల నుద్దేశించి, తాను వారందరిలో శ్రేష్ఠుడను కానని, సన్మార్గమున నడచిన తోడ్పడుడని, తప్పిన సరిదిద్దుడని కోరెను. బలహీనునకు అతని హక్కు దక్కువరకు అతడే తనకు బలవంతుడని, పరుల హక్కును హరించిన బలవంతుడు దానిని విడుచువరకు తన యెదుట బలహీనుడని ప్రకటించెను.

634లో అవసానకాలమున, తాను పొందిన జీతపు సొమ్మును ప్రజల ధనాగారమునకు తిరిగి చెల్లింపుమని తనవారిని ఆజ్ఞాపించెనని చరిత్రకారులు వ్రాసిరి. తదుపరి ఖలీఫా ఉమరు అది చూచి, తరువాతివారికి ఆయన ఎంతటి కఠినమార్గము నేర్పరచిపోయెనని కంట నీరు పెట్టెనందురు.

తప్పు చూపినవానిని మిత్రునిగ నెంచుట, లెక్క యొప్పజెప్పి వెడలుట - ఊరిపెద్దకైనను, ఇంటిపెద్దకైనను ఇదియే ధర్మము.