వ్యర్థమైన దినము ఏది?

సాయంకాలము దీపము వెలిగించే వేళకు మనలో చాలమందికి ఒక ప్రశ్న మనస్సులో మెదలుతుంది: "ఈవేళ నేను చేసిన పని ఏమున్నది?" ఉద్యోగికీ, రైతుకూ, విద్యార్థికీ, గృహిణికీ ఈ ప్రశ్న తప్పదు. ఉద్యోగ విరమణ చేసిన పెద్దలకు మరీ తరచుగా వస్తుంది. ఏనాడో ఒకనాడు వచ్చిపోతే నష్టము లేదు. సోమరితనాన్ని అదలించే మేలు కూడ దానివల్ల ఉన్నది. కాని ప్రతి సాయంకాలము అదే నిష్ఠూరము వినవలసివస్తే మనిషికి మరునాటి పనిమీద కూడ నమ్మకము సడలిపోతుంది. కనుక ఆ నిష్ఠూరములో నిజమెంత అని విచారించి చూడడము అవసరము.

ఈ విచారణకు గ్రంథాలకంటె ముందు గౌతమీ తీరానికి వెళ్లడము మంచిది. కోనసీమ జిల్లాలోని కె.గంగవరము మండలము ద్రాక్షారామానికీ, కోటిపల్లి రేవుకూ సమీపమైన వరిచేల సీమ. గోదావరి తూర్పు డెల్టా కాలువల నీటితో అక్కడ సార్వా, దాళ్వా పండుతాయి. దాళ్వా చేతికి వచ్చిన తరువాత వేసవిలో కాలువలు కట్టివేస్తారు. ఆ వారాలలో ఆ వైపు వెళ్లిన కొత్తవాడు ఏమి చూస్తాడు? నీరు లేని కాలువ, నెరలు విచ్చిన చేలు, గట్టుమీద పశువులు. ఈ కాలువ ఎందుకూ పనికిరానిదని అతడు తీర్మానించుకొంటే ఆశ్చర్యము లేదు. కాని పూడిక తీసేదీ, గట్లు బాగుచేసేదీ, తూములకు తలుపులు సరిచేసేదీ ఆ దినాలలోనే. నీరు పారుతుండగా ఆ పనులు సాగవు. వేసవిలో పూడిక తీయని కాలువ సార్వాలో శివారు చేలకు నీరు అందించలేదు. ఏ పనీ జరుగుతున్నట్లు కనుపించని ఆ వారాలలో రాబోయే పంటకు ఆయువుపట్టు ఉన్నది.

ఆ కాలువలకు మూలమైన ధవళేశ్వరము ఆనకట్ట చరిత్రలో కూడ ఇట్టి ఘట్టమొకటి ఉన్నది. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యమున 1847లో ఆ పని ప్రారంభమైనది. మరుసటి సంవత్సరమే, 1848లో, ఆయన ఆరోగ్యము చెడి, బాధ్యతను కెప్టెన్ ఆర్ అనే అధికారికి అప్పగించి ఆస్ట్రేలియాకు వెళ్లవలసివచ్చినది. 1850లో గాని తిరిగి రాలేదు. ఆనకట్ట 1852లో పూర్తి అయినది. అయిదారు సంవత్సరాల నిర్మాణములో దాదాపు రెండు సంవత్సరాలు కాటన్ దొర గోదావరి ఒడ్డున లేడు. అయినా నదిని పరిశీలించి ఆయన ముందే సిద్ధపరచిన ప్రణాళిక ఉన్నది. పని నడిపించే సహచరులున్నారు. రాళ్లు మోసిన వేలాది కూలివారున్నారు. దేహము విశ్రాంతి కోరినప్పుడు దానిని మన్నించినంత మాత్రాన జీవితకార్యము ఆగిపోదని ఈ చరిత్ర మనకు తెలుపుతున్నది.

అయితే ప్రతి సోమరితనానికీ విశ్రాంతి అని పేరు పెట్టుకోవచ్చునా? పెట్టుకోరాదు. కాలువ కట్టివేతకు ఒక లక్షణము ఉన్నది. నీరు ఎప్పుడు ఆపవలెనో, ఎప్పుడు విడువవలెనో ముందుగా నిర్ణయిస్తారు. ఆ మధ్య ఏ మరమ్మతు జరుగవలెనో అదీ నిర్ణయిస్తారు. మన విశ్రాంతికీ ఇదే పరీక్ష. "ఆదివారము మధ్యాహ్నము వరకు విశ్రమించి, ఆ తరువాత ఆగిన ఉత్తరము పూర్తిచేస్తాను" అని గడువు పెట్టుకొన్నవాడు నిశ్చింతగా నిద్రించవచ్చును. గడువు లేని విరామములోనే అపరాధభావము గూడు కట్టుకొంటుంది.

ఈ నిష్ఠూరానికి రెండవ కారణము మన కొలమానము. నిలిచి కనుపించేదానినే పని అని లెక్కిస్తున్నాము. ఇల్లాలిని "మీరేమి చేస్తుంటారమ్మా?" అని అడిగితే, "ఏమీ లేదండీ, ఇంట్లోనే" అని సమాధానము వస్తుంది. 2019లో భారత ప్రభుత్వము దేశవ్యాప్తముగా జనుల కాలవినియోగాన్ని సర్వే చేయించినది. ఇంటివారికోసము వేతనము లేని ఇంటిపనులు చేస్తున్న స్త్రీలు దినానికి సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు వాటికి వినియోగిస్తున్నారని ఆ సర్వేలో తేలినది. రమారమి అయిదు గంటలపాటు చేసిన పనికి "ఏమీ లేదు" అని పేరు! వండిన అన్నము పూటలోనే చెల్లిపోతుంది; ఊడ్చిన వాకిట మరల ఆకులు రాలుతాయి. ఇట్టి పనికి సాక్ష్యము నిలువదు. అది జరుగని నాడు మాత్రము ఇల్లంతటికీ తెలుస్తుంది. మంచముపట్టిన వృద్ధునికి సేవ చేసేవారి శ్రమ కూడ ఇటువంటిదే. దీనిని వ్యర్థమనుకోవడము లెక్కలోని దోషమే గాని శ్రమలోని దోషము కాదు. ఆ లెక్కను సవరించవలసినవారు గృహిణులొక్కరే కారు. ఇంటిలోని మగవారు కూడ సవరించుకోవలెను.

మూడవ కారణము మన దృష్టి ఎటు ఉన్నదనేది. ఊడ్పుల కాలములో చేలగట్టున నిలిచి చూడండి. నాట్లు వేసే స్త్రీలు ముందుకు నడువరు; వెనుకకు అడుగు వేస్తూ నాటుతారు. అలా నడిస్తేనే నాటిన మొక్క కాలి క్రింద పడదు. అందువల్ల మరొక మేలు కూడ కలుగుతున్నది. నాటిన పచ్చదనము కన్నుల ముందు ఉంటుంది. నాటవలసిన బురద వీపు వెనుక ఉంటుంది. మనము దీనికి విరుద్ధముగా చేస్తున్నాము. మిగిలిన పనుల జాబితాను ఎదుట పెట్టుకొని, జరిగినవాటిని మరచిపోతున్నాము. అమెరికా దేశములో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఉదయము చేయదలచిన మేలు ఏమిటని, సాయంకాలము చేసిన మేలు ఏమిటని తన్ను తాను ప్రశ్నించుకొనే నియమము పెట్టుకొన్నాడు. అంతటివాడు కూడ, పనులను క్రమములో ఉంచుకొనడము తనకు ఎంతో కష్టమైనదని ఆత్మకథలో చెప్పుకొన్నాడు.

నాలుగవది ఇతరులతో పోలిక. నేడు సెల్‌ఫోను తెరమీద పదిమంది విజయాలు ఒక్క గడియలో కనుపిస్తాయి. మనము చూస్తున్నది వారి గాదె. పోల్చుకొంటున్నది మన నారుమడితో. వారి నారుమడి ఎట్లుండెనో తెర మనకు చూపదు.

ఇక ఒక హెచ్చరిక చేయవలసి ఉన్నది. అన్ని నిష్ఫలతలూ మనస్సులో పుట్టినవి కావు. 2011 ఖరీఫులో కోనసీమ రైతులు పెట్టుబడికి తగిన ధర రావడము లేదని పంట విరామము ప్రకటించి చేలు బీడు పెట్టారు. అది సోమరితనము కాదు, ఆవేదన. పని కోరి తిరుగుతున్న నిరుద్యోగికి కూడ హితబోధకంటె పని అవసరము. అట్లే, రెండు వారాలు దాటినా ఏ పనిమీదా ఆసక్తి లేక, నిద్రాహారాలు తప్పి, తాను ఎందుకూ కొరగానని ఎవరైనా కుమిలిపోతుంటే, వారిని మందలించకండి. వైద్యుని వద్దకు తీసుకొనివెళ్లండి. 2022లో భారత ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 అనే సంఖ్యకు ఫోను చేసి మాట్లాడవచ్చును.

మిగిలిన మనవంటివారికి ఒక చిన్న అభ్యాసము చాలును. ఈ రాత్రి పరుండబోయే ముందు ఒక కాగితముమీద ఈ దినము జరిగిన మూడు పనులు వ్రాయండి. పిల్లవానికి లెక్క చెప్పినదైనా సరే, పొరుగువారిని ఆసుపత్రికి తోడుకొనిపోయినదైనా సరే. దాని క్రింద రేపటికి ఒకే పని, అరగంటలో ముగిసేది, వేళతోసహా వ్రాయండి. వారము దినాలు ఈ విధముగా చేసి, ఆ ఏడు కాగితాలు ఒకచోట పెట్టి చదువుకొనండి. వ్యర్థమైన దినాలు నిజముగా ఎన్ని ఉన్నవో అప్పుడు మీరే లెక్కించవచ్చును.