పి.డి.ఎఫ్. పత్రములలో వ్రాతను స్థిరపరచుట

పంచాయతీ సభ్యులారా,

తీర్మానములు, అంచనాలు, దరఖాస్తులు నేడు పెక్కు కార్యాలయములకు పి.డి.ఎఫ్. రూపమున వచ్చి పోవుచున్నవి. అడోబ్ సంస్థ 1993లో వెలువరించిన ఈ రూపము 2008లో అంతర్జాతీయ ప్రమాణమైనది. ఏ యంత్రముపై తెరచినను పుట ఒకే తీరున కనబడునని దీనికి పేరు. ఆ పేరు పుటలోని అసలు వ్రాతకు తగును గాని, దానిపై మనము చేర్చిన వ్రాతకు అంతగా తగదు.

ఏలననగా, మనము నింపిన గడులును, అంచున వ్రాసిన వ్యాఖ్యలును పుటలో కలిసియుండవు. పటమునకు బిగించిన అద్దముపై వ్రాసినట్లు వేరొక పొరగా నిలుచును. కొన్ని ఫోనులలో ఆ పొర సరిగా కనబడదు. ఒక్కొక్కప్పుడు ముద్రణలోనికి రాదు. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. మురుగు కాలువకు గ్రామసభ 80,000 రూపాయలు ఒప్పుకొన్నదనుకొందము. ఆ అంకె గడిలోనే యున్నచో, ఫైలు చేతులు మారునప్పుడు ఎవరైనను దాని ముందు ఒకటి చేర్చి 1,80,000 చేయవచ్చును. మినిట్సు పుస్తకములో సిరా దిద్దుబాటు కంటికి కనబడును. ఇచ్చట పుటపై కొట్టివేత గుర్తు సైతము మిగలదు. కార్యదర్శులపై అపనమ్మకముతో మేమీ మాట చెప్పుట లేదు. వారికిని ఇది రక్షణయే.

ఆ పొరను పుటలో కలిపివేయుటనే ఫ్లాటెన్ చేయుట అందురు. గడి పోవును, అందలి అక్షరములు పుటలోని అక్షరములగును. ఫైలును ముద్రణకు పంపునట్లే పంపి, ప్రింటరు పేరునకు బదులు 'ప్రింట్ టు పి.డి.ఎఫ్.' ఎంచుకొన్నచో సాధారణముగా చాలును. వ్యాఖ్యలు కూడ రావలెనన్న ఆ ఏర్పాటును అచ్చటనే చూచుకొనవలెను. కొత్త ఫైలులో గడియున్న చోట నొక్కి చూచినచో పని జరిగినదో లేదో తెలియును. కలిపినదానిని మరల విడదీయుట కష్టము. కావున ఖాళీ ఫారమును వేరుగా దాచుకొనవలెను.

అయినను ఇది తాళము కాదు. తగిన సాఫ్ట్‌వేరు గలవారు పుటనైనను దిద్దగలరు. దిద్దినారని పట్టి యిచ్చునది 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము గుర్తించిన డిజిటల్ సంతకము. ముందు ఫ్లాటెన్ చేసి, పిదప సంతకము చేయవలెను. క్రమము తప్పినచో సంతకము చెల్లదు.

ఇంకొక మాట. జాబితాలోని ఆధార్ అంకెలపై నల్లపట్టీ గీసి, ఫ్లాటెన్ చేసి, వాట్సాప్‌లో పంపువారున్నారు. పట్టీ క్రింది అంకెలు చెరగకపోవచ్చును. ఆ వరుసను కాపీ చేసినవారికి అవి దొరకును. అట్టి అంకెలను మూల ఫైలులోనే తీసివేసి, మరల పి.డి.ఎఫ్. చేసి పంపవలెను.