వంట గ్రంథములు వ్రాసిన ఆంగ్ల వనితలు

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు వంట పుస్తకముల ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. ఉదయము మనకు ఆరు రుచుల పచ్చడి కలిపి ఇచ్చిన చేతులను తలచుకొన్నచో ఆ సందేహము తీరును. అటువంటి చేతులతోనే కలము పట్టిన కొందరు ఆంగ్ల వనితలను గురించి మేము నాలుగు మాటలు మనవి చేయదలచితిమి.

పదిహేడవ శతాబ్దపు ఇంగ్లండులో వంట పుస్తకములు లేకపోలేదు. కాని వాటిపై కనబడునవి చాలవరకు పురుషుల పేర్లే. 1661లో హానా వూలీ అనే ఆమె ఇంటి పనులపై తన మొదటి పుస్తకము వెలువరించినది. రచనతో జీవనము గడుపుకొన్న తొలి ఆంగ్ల స్త్రీలలో ఆమె ఒకతె. ఆ పేరుకు గిరాకి ఎంతటిదనగా, 1673లో ఆమె అనుమతి లేకయే ఆమె పేరు పెట్టి వేరొక పుస్తకము అమ్మినారు.

తరువాత 1747లో హానా గ్లాస్. పనిపిల్లలకు సైతము అర్థమగునట్లు తేట మాటలతో వంట నేర్పిన పుస్తకమిది. మన దేశపు పద్ధతిని కోడికూర వండుట కూడ అందున్నది. ముప్పది మిరియాలు, ఒక పెద్ద చెంచాడు బియ్యము, నిప్పు మీద శుభ్రమైన పారలో వేయించి దంచిన ధనియాలు — ఇదీ మసాలా. మిరపకాయ లేదు, పసుపు లేదు! మన అమ్మలు చూచినచో నవ్వుకొందురు.

కాని ఆ పుస్తకముపై ఆమె పేరు లేదు. 'ఒక వనిత' అని మాత్రమే ఉన్నది. పుస్తకము బాగుగా అమ్ముడైనను 1754లో ఆమె దివాలా తీసి, ప్రచురణ హక్కు అమ్ముకొన్నది. 1757లో అప్పుల క్రింద చెరసాలకు పోయినది. 1770లో మరణించినది. మరి ఎనిమిదేండ్లకు ఒక విందులో, ఆ పుస్తకము వ్రాసినది జాన్ హిల్ అనే వైద్యుడని ఒక పుస్తక వర్తకుడు చెప్పినాడు. నిఘంటుకర్త జాన్సన్ ఆ మాట నమ్మలేదు. కాని మంచి వంట పుస్తకము వ్రాయుట ఆడవారి వల్ల కాదని మాత్రము ఆయనా అన్నాడు! గ్రంథకర్త్రి ఆమెయేనని మాడెలిన్ హోప్ డాడ్స్ అనే పరిశోధకురాలు 1938లో నిరూపించినది. ఒక ఇల్లాలి పేరు ఆమెకు దక్కుటకు నూటతొంబది యేండ్లు పట్టినది.

ఎలిజబెత్ రాఫల్డ్ మెలకువ గలది. జమీందారీ ఇంట పెత్తనము చేసిన అనుభవముతో 1769లో పుస్తకము వ్రాసి, దొంగ ముద్రణలు రాకుండ ప్రతులపై తానే సంతకము పెట్టినది. 1773లో హక్కును 1,400 పౌనులకు అమ్మినది. కుమార్తెల కొరకు వ్రాసికొన్న పాకములను ప్రతిఫలము కోరక 1806లో అచ్చునకిచ్చిన మరియా రండెల్, పుస్తకము వేలకొలది అమ్ముడైన పిమ్మట ప్రచురణకర్తతో న్యాయస్థానము దాక పోవలసి వచ్చినది. చివరకు 2,100 పౌనులు పొందినది.

1845లో ఎలైజా ఆక్టన్ కావలసిన వస్తువులను, కొలతలను, ఉడుకు కాలమును విడిగా వ్రాసి చూపినది. 'ఉప్పు తగినంత' అను మాటతో తికమకపడిన కొత్త కోడళ్ళకు ఆ మేలు తెలియును. ఆమె పాకములను పలువురు వాడుకొన్నారు. వారిలో 1861లో పెద్ద గ్రంథము వెలువరించిన ఇసబెల్లా బీటన్ ఒకతె. బీటన్ 1865లో ఇరువది ఎనిమిదవ యేట మరణించినది. ఆమె పేరుతో కొత్త ముద్రణలు దశాబ్దముల తరబడి వచ్చినవి. ఒకరికి పుస్తకముండి పేరు లేదు. ఒకరికి ప్రాణము పోయినను పేరు పోలేదు.

తల్లి ప్రక్కనున్న పిల్లకు పుస్తకముతో పని లేదు. తల్లి దూరమైనప్పుడే దాని విలువ తెలియును. పుట్టిన సీమకు దూరమై తరములు గడచిన మన ఇండ్లలో ఆవకాయ పాళ్ళు, పులిహోర పోపు ఇంకను చేతికొలదిగానే నడచుచున్నవి. ఆ చేతులు ఉన్నప్పుడే ఆ పాళ్ళు తెలుగులో వ్రాసికొందము. వ్రాసి, అడుగున ఆ తల్లి పేరు తప్పక పెట్టుదము.