గది మన పేటలో ఉండాలి, తాళం మన చేతిలో ఉండాలి

(ఏలూరు దగ్గర ఒక పేటలో, కమ్యూనిటీ హాలు అరుగు మీద జరిగిన సభలో మాట్లాడిన మాటలకు రాతరూపం)



ఇవాళ మనం కూలి రేటు గురించి మాట్లాడుకోడానికి కూచోలేదు. శ్మశానం దారి గురించీ కాదు. ఆ రెండూ మరిచిపోలేదు, వచ్చే సభకి ఉన్నాయి. ఇవాళ కంప్యూటరు గది గురించి మాట్లాడదాం. "చేపల చెరువు మీద మేత కట్టుకునేవాళ్ళకి కంప్యూటరు గోల ఏంటి?" అని వెనక వరసలో ఎవరో అన్నారు. మంచి ప్రశ్నే. అక్కణ్ణుంచే మొదలెడతాం.

మన పిల్ల ఇంటర్ పూర్తి చేసింది అనుకోండి. ఇంజనీరింగుకో అగ్రికల్చరు బీఎస్సీకో పోవాలంటే ఎంసెట్ రాయాలి. ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. మన రాష్ట్రంలో 2017 నుంచి ఆ పరీక్ష కాగితం మీద లేదు. కంప్యూటరు ముందు కూచుని, మౌస్ పట్టుకుని రాయాలి. తాడేపల్లిగూడెంలో 2015లో ఎన్ఐటీ వచ్చింది. దాని గోడ మనం చూశాం. కొందరం ఆ గోడ కట్టడానికి ఇటుకలు మోశాం. ఆ గోడ లోపల మన షెడ్యూల్డ్ కులాలకి నూటికి 15 సీట్లు ఉన్నాయి. ఎవరి దయా కాదు, రాజ్యాంగం వల్ల వచ్చిన వాటా. కానీ ఆ సీటు దగ్గరికి పోవాలంటే జేఈఈ రాయాలి. అది కూడా కంప్యూటరు మీదే. పేటలో పెరిగి, కంప్యూటరు ముట్టుకోని పిల్ల మూడు గంటల పరీక్షలో మొదటి అరగంట మౌస్ తోనే కుస్తీ పడతాది. ఆ అరగంటలో పట్నం పిల్లాడు పదిహేను లెక్కలు చేసేస్తాడు. తర్వాత మనవాళ్ళనే అంటారు, "వీళ్ళకి మెరిట్ లేదు" అని!

స్కాలర్‌షిప్ సంగతి చూడండి. ఎస్సీ పిల్లలకి పదో తరగతి తర్వాత చదువుకి ప్రభుత్వం డబ్బు ఇచ్చే పద్ధతి 1944లో మొదలయింది. అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజులవి. 2008 ప్రాంతంలో ఈపాస్ అని వచ్చి, ఆ దరఖాస్తులు కంప్యూటర్లోకి పోయాయి. మంచిదే, మధ్యలో గుమాస్తాకి మామూలు తప్పిందనుకున్నాం. తప్పలేదు, చెయ్యి మారింది. నెట్ సెంటరోడికి ఇవ్వాలి. సర్వర్ డౌన్ అంటే రేపు రమ్మంటాడు, రేపు పోతే వేలిముద్ర పడలేదంటాడు. తండ్రికి రెండు రోజుల కూలి పోతాది. పిల్లకి తన దరఖాస్తులో ఏం రాశారో కూడా తెలీదు, ఎందుకంటే తెర అవతలి వైపుకి తిరిగి ఉంటాది. మనం ఎప్పుడూ కౌంటరుకి ఇవతలే. హోటల్లో ఇవతల, రేషన్ షాపులో ఇవతల, ఇప్పుడు కంప్యూటరుకీ ఇవతలే.

ఇక 2020. కరోనా వచ్చి మార్చిలో బళ్ళు మూశారు. నవంబరు దాకా తియ్యలేదు. పాఠాలు ఆన్‌లైన్‌లో అన్నారు, టీవీలో అన్నారు. అప్పుడు మన విద్యాశాఖ పిల్లల్ని మూడు బాపతులుగా విడగొట్టి లెక్క రాసింది. కంప్యూటరూ నెట్టూ ఉన్నవాళ్ళు హైటెక్. టీవీ, రేడియో ఉన్నవాళ్ళు లోటెక్. ఏమీ లేనివాళ్ళు నోటెక్. మేం ఆ మాట మొదట విన్నప్పుడు ఎక్కడో విన్నట్టే అనిపించింది. పై కులం, నడిమి కులం, ఏ కులమూ కాని పంచములు. మనువు రాసిన లెక్కకీ దీనికీ పేర్లే తేడా. ఆ ఉద్యోగులు చెడ్డవాళ్ళని మేం అనట్లేదు. పాఠం చేరని పిల్లలెవరో తెలుసుకోడానికే రాశారు. కానీ ఆ మూడో గడిలో పడింది ఎవరి పిల్లలో మీకు చెప్పక్కర్లేదు. అంతకు ముందే, 2017-18లో కేంద్రం చేయించిన సర్వేలో తేలింది, దేశంలో పల్లెటూళ్ళలో నూరు ఇళ్ళకి కంప్యూటరు ఉన్నవి నాలుగో అయిదో అని. ఆ నాలుగిళ్ళూ పేటలో ఉంటాయా?

"ఇప్పుడు అందరికీ సెల్లు ఉంది కదా, గది ఎందుకు?" అని కుర్రాళ్ళు అడుగుతున్నారు. సెల్లు ఉంది. ఇంటికి ఒకటి ఉంది. అది నాన్నతో చెరువు కాపలాకి పోతాది, లేకపోతే అన్నతో మోటారు సైకిలెక్కి పోతాది. చెల్లి చేతికి రాత్రి పదింటికి వస్తాది, నెట్టు అయిపోయాక. 2025 జనవరి నుంచి ప్రభుత్వం వాట్సాప్‌లో కూడా సేవలు ఇస్తోంది. వాడుకోండి, ఊరికే రెవెన్యూ ఆఫీసు చుట్టూ తిరక్కుండా ఉంటాది. కానీ సర్టిఫికెట్ తెచ్చుకోవడం వేరు, చదువుకోవడం వేరు. అరచేతంత అద్దంలో బొమ్మ చూడొచ్చు గానీ, లెక్కల పాఠం మూడు నెలలు పాటు నేర్చుకోలేం.

గదులు లేక కాదు ఇదంతా. మన జిల్లాకి ఈ విషయంలో పేరు కూడా ఉంది. 2002లో, సంజయ్ జాజు కలెక్టరుగా ఉన్నప్పుడు, పశ్చిమ గోదావరిలో గ్రామీణ ఈ-సేవ కేంద్రాలు పెట్టారు. విశేషం ఏంటంటే వాటిని డ్వాక్రా సంఘాల ఆడవాళ్ళ చేత నడిపించారు. ఆడవాళ్ళు కంప్యూటరు ముందు కూచుంటే ఊళ్ళో మొగాళ్ళు వచ్చి వరసలో నిలబడ్డారు. అది చిన్న సంగతి కాదు. తర్వాత 2006లో కేంద్రం కామన్ సర్వీస్ సెంటర్లు అంది. 2011లో మీసేవ వచ్చింది. 2017లో ప్రధానమంత్రి పేరుతో డిజిటల్ సాక్షరత అని, ఇంటికి ఒకరికి 20 గంటలు శిక్షణ అన్నారు. 2024 మార్చితో అది ముగిసింది. దేశంలో ఆరు కోట్ల మందికి పైగా నేర్పామన్నారు. మీలో ఆ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. ఇద్దరు. మౌస్ పట్టుకుని ఒక ఉత్తరం కొట్టగలిగినవాళ్ళు? సరే, దించెయ్యండి.

మరి ఇన్ని గదులు వచ్చినా మన పిల్ల ఎందుకు లోపలికి పోలేదు? మేం ఊరూరా తిరిగి చూసిన దాంట్లో రెండే సంగతులు తేలాయి. ఒకటి, గది ఎక్కడ ఉంది. రెండు, గది ఎవరిది.

గది ఎక్కడుందో చూడండి. మండలం సెంటర్లో, లేకపోతే ఊళ్ళో రచ్చబండ పక్కన. మన పేట నుంచి ఆడపిల్ల ఒక్కత్తీ సాయంత్రం ఆరింటికి ఆ వీధిలోంచి నడిచి పోగలదా? పోయినా, బెంచీ మీద కూచుని గంట సేపు పాఠం వినగలదా? కంప్యూటరుకి అంటరానితనం తెలీదు, నిజమే. గదికి తెలుసు.

మన తాతలకి అక్షరం ఎలా వచ్చిందో గుర్తు తెచ్చుకోండి. ఊరి బడిలో మన పిల్లల్ని చూరు కింద కూచోబెట్టారు, చాలా చోట్ల అసలు రానివ్వలేదు. ఏలూరు వైపూ నరసాపురం వైపూ మిషన్ల వాళ్ళు పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చి మన పల్లెల్లోనే పాక వేసి బడి పెట్టారు. ఆ పంతులు గొప్ప పండితుడు కాకపోవచ్చు. పాక మాత్రం మన వీధిలో ఉంది. పొలం నుంచి వచ్చిన పిల్లాడు కాళ్ళు కడుక్కుని పలక పట్టుకున్నాడు. మతం మాట ఇక్కడ పక్కన పెట్టండి, బడి ఎక్కడ ఉందో అదే చూడండి.

ఇంకో సంగతి. 2017లో భీమవరం దగ్గర గరగపర్రులో ఏం జరిగింది? అంబేడ్కర్ విగ్రహం ఊరి చెరువు గట్టు మీద మిగతా నాయకుల పక్కన పెట్టాలన్నందుకు మనవాళ్ళని సాంఘికంగా వెలివేశారు. పొలం పనుల్లోంచి, కౌళ్ళలోంచి తప్పించారు. నెలల తరబడి నడిచింది. మనం అడిగేది ఇదే. అలాంటి రోజుల్లో స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ వస్తే? కంప్యూటరు గది ఊళ్ళో కామందు షాపులో ఉంటే? పిల్ల చదువు ఒక సంవత్సరం పోతాది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ కాలేజీకి పోదు, తెల్లారుజామున వచ్చే రొయ్యల ఫ్యాక్టరీ వ్యాను ఎక్కుతాది. మనందరికీ తెలిసిన దారే అది.

ఈ సంగతి ఆలోచించినవాళ్ళు వేరే చోట ఉన్నారు. పుదుచ్చేరిలో (మన యానాం కూడా ఆ ప్రభుత్వం కిందే కదా) ఎం.ఎస్. స్వామినాథన్ రిసెర్చ్ ఫౌండేషన్ వాళ్ళు 1998లో పల్లెల్లో కంప్యూటరు కేంద్రాలు మొదలెట్టారు. గది ఊరే ఇవ్వాలి, కానీ దళితులు కూడా అడుగుపెట్టగలిగే చోటే ఇవ్వాలి అని షరతు పెట్టారు. బెస్త ఊళ్ళలో, సముద్రంలో అలలు ఎంత ఎత్తున ఉంటాయో ఇంటర్నెట్లో చూసి మైకులో చెప్పేవాళ్ళు. 2004 డిసెంబరులో సునామీ వచ్చినప్పుడు నల్లవాడు అనే ఊళ్ళో ఆ మైకులోనే కేక వేసి జనాన్ని బయటికి పంపారు. సింగపూర్‌లో ఉన్న ఆ ఊరి కుర్రాడు టీవీలో చూసి ఫోన్ చేస్తే, కేంద్రం తలుపు పగలగొట్టి మరీ మైకు అందుకున్నారట. గదీ మైకూ ఊరి మధ్యలో, జనానికి అందే చోట ఉన్నాయి కాబట్టి ప్రాణాలు మిగిలాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు కొల్లేట్లోకి దిగి ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగినప్పుడు మన లంక గ్రామాలకి ఎవరు ముందుగా చెప్పారు? నీళ్ళే వచ్చి చెప్పాయి.

ఇక రెండో సంగతి, గది ఎవరిది. దీనికి మనం పుదుచ్చేరి పోనక్కర్లేదు, కొల్లేరు చాలు. 1976 తర్వాత ప్రభుత్వం సరస్సులో చెరువులు తవ్వించి సొసైటీలు పెట్టింది. మత్స్యకారులైన వడ్డీల పేర కొన్ని, మన షెడ్యూల్డ్ కులాల పేర కొన్ని. కాగితం మీద చెరువు మనది. పిల్ల చేపకి డబ్బు లేదు, మేతకి డబ్బు లేదు, బ్యాంకు ఇవ్వదు. మోతుబరి వచ్చి లీజు అన్నాడు. ఏడాదికి ఇంత అని మన చేతిలో పెట్టి, గట్టు మీద మనల్నే కాపలా పెట్టాడు. పట్టుబడి రోజున లారీలు కలకత్తా పోయాయి, మనకి రెండు సంచుల సన్న చేప వచ్చింది. 1999లో సరస్సుని అభయారణ్యం అన్నారు, 2006లో గట్లు పేల్చారు. లీజుదారుడు ఇంకో చోట చెరువు తవ్వుకున్నాడు. సొసైటీ సభ్యుడు మాత్రం మావులు, వలలు కూడా మరిచిపోయి ఉన్నాడు, ఎందుకంటే ముప్పై ఏళ్ళు కాపలాదారుగానే బతికాడు.

కంప్యూటరు గదికి కూడా ఇదే గతి పట్టగలదు. పట్టింది కూడా. కామన్ సర్వీస్ సెంటరు అంటే ఒక వ్యక్తి పెట్టుబడి పెట్టి కమీషన్ మీద నడుపుకునే షాపు. తప్పు కాదు, అతనూ బతకాలి. కానీ షాపు బడి కాదు. కరెంటు బిల్లు కట్టేవాడు వస్తే పాఠం వినే పిల్లని లేవమంటాడు. ప్రభుత్వ బళ్ళలో ఏమైందో చూడండి. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకి బైజూస్ పాఠాలు వేసిన ట్యాబులు లక్షల్లో పంచారు. పిల్లలు సంతోషించారు, మనమూ సంతోషించాం. 2024 జూలై వచ్చేసరికి ఆ కంపెనీ దివాళా కేసులో పడింది. పాఠాన్ని కూడా లీజుకి తెచ్చుకుంటే అంతే. స్వయం అని కేంద్రం 2017లో పెట్టిన చోట కాలేజీ పాఠాలు ఉచితంగా ఉన్నాయి. అవి ప్రజలవి, ఎవడూ ఎత్తుకుపోలేడు. అందులో చాలా మటుకు ఇంగ్లీషులోనే ఉన్నాయి, అది వేరే పోరాటం. సర్టిఫికెట్ కావాలంటే ఫీజు కట్టి పరీక్ష రాయాలి, అది కూడా చెప్పాలి కదా.

అందుకని మేం అడిగేది ఇంతే. ఈ కమ్యూనిటీ హాలు ఉంది చూశారా, మన ఎస్సీ కాలనీ కోసం కట్టింది. ఏడాదికి రెండు పెళ్ళిళ్ళు, మిగతా రోజులు ధాన్యం సంచులు. ఆ సంచులు ఎవరివో అందరికీ తెలుసు, ఈ సభ అయ్యాక పేరు పెట్టి అడుగుదాం. ఇందులో ఒక గది చాలు. పది కంప్యూటర్లు అక్కర్లేదు, నాలుగు మంచివి చాలు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ, వరద నీరు అందని ఎత్తులో బల్లలు. డబ్బు ఎక్కడిది అంటే, 2013లో పోరాడి తెచ్చుకున్న సబ్ ప్లాన్ చట్టం ఉంది, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. మన జనాభా మేరకు మన కోసం ఖర్చు పెట్టాల్సిన సొమ్ము అది. ఊరందరి రోడ్డు వేసి అందులో మన వాటా రాసుకోవడం కాదు, మన పేటలో కంటికి కనపడే గది కావాలి.

గదిలో మనిషి కూడా ఉండాలి. కంప్యూటరు ఒక్కటే పెట్టి తలుపు తీస్తే మొగపిల్లలు సినిమాలు చూస్తారు, ఆడపిల్లలు రావడం మానేస్తారు. ఈ పేటలోనే డిగ్రీ చదివి ఇంట్లో కూచున్న అమ్మాయిలు ముగ్గురు ఉన్నారు. వాళ్ళలో ఒకరికి జీతం ఇచ్చి పెట్టాలి, గౌరవ వేతనం పేరుతో గుప్పెడు చిల్లర కాదు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా ఆడపిల్లలకే. ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. ఈ గది మాలపేటలో ఉందని మాదిగ పిల్ల గుమ్మం దగ్గర ఆగిపోతే, ఇందాక ఊరి వీధి గురించి మేం అన్న మాటలన్నీ మనకే తగులుతాయి. చెరువు గట్ల మీద గుడిసెల్లో ఉండే యానాది పిల్లలకి కూడా ఇక్కడ కుర్చీ ఉండాలి. పూచీ తీసుకునే కమిటీలో మూడు పేటల నుంచీ మనుషులుండాలి, సగం మంది ఆడవాళ్ళు. తాళం చెవి కమిటీ దగ్గర, సర్పంచి ఇంట్లో కాదు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. అర్జీ రాశాం, చదివి వినిపిస్తాం, మార్చాల్సింది ఉంటే ఇప్పుడే చెప్పండి. ఏలూరు పోడానికి ఆటోలు రెండు మాట్లాడాం, మనిషికి ముప్పై రూపాయలు పడతాది, లేనివాళ్ళ సంగతి మేం చూసుకుంటాం. పదో తరగతి దాటిన పిల్లలు తప్పకుండా రావాలి. వాళ్ళ పేర్లు, చదువు ఈ పుస్తకంలో రాయండి. కూలికి పోయి రాలేని తల్లులు ఇక్కడే సంతకం పెట్టి పోవచ్చు. వేలిముద్ర కాదు, సంతకం. రానివాళ్ళకి ఆ ముగ్గురు అమ్మాయిలు పక్కన కూచుని నేర్పిస్తారు, లాంతరు ఇటు జరపండి.