స్త్రీలకు సైకిలు, తోడుగా నేర్పేవారు



1990ల తొలినాళ్ళలో మన తమిళనాట, పుదుక్కోట్టై జిల్లాలో, అరివొళి ఇయక్కం గ్రామీణ స్త్రీలకు అక్షరాలతోపాటు సైకిలునూ నేర్పింది. కలెక్టరు షీలారాణి చుంకత్ అందుకు అండగా నిలిచారు. గేలి చేసినవారికి కొదువలేదు. ఆడవారి సైకిళ్ళు చాలకపోగా మగవారి సైకిళ్ళనే ఎక్కారు. అడ్డకమ్మీపై బిడ్డను కూర్చోబెట్టుకోవచ్చునని కొందరు వాటినే కోరుకున్నారట! నీళ్ళకు, అంగడికి, పనికి పోవుటకు బస్సు కొరకు గానీ ఇంటి మగవారి కొరకు గానీ కాచుకొనే అవసరం వారికి తగ్గింది.

మన పేటలలో ఈ విద్యను ఇంకా ఇరుగుపొరుగువారే నేర్పవలసి ఉన్నది. పాదాలు రెండూ నేలకు ఆనేటట్లు సీటు దించి, తొలుత పెడళ్ళ జోలికి పోక, కాళ్ళతో నేలను నెట్టుకొంటూ సాగాలి. నిలకడ చిక్కిన తరువాతనే తొక్కడం. చూపు చక్రంపై కాక దారిపై ఉండాలి.

అయితే మైదానంలో నేర్చినవారు వీధిలో తడబడతారు. కుడికి తిరిగేముందు వెనుకకు చూచి చేయి చాచడం, నిలిపిన కార్ల తలుపులకు ఎడంగా పోవడం వీధిలోనే అలవడతాయి. కనుక రేషను దుకాణానికో, బడికో వెళ్ళేటప్పుడు కొత్తవారిని వెంట తీసుకొనిపొండి. వారు ముందు, మీరు వెనుక, వేగం వారిది. మొదటిసారికి సంతరోజు వద్దు, ఆదివారం ఉదయం చాలును.