గ్రూపులో వ్రాసిన మాట ఇంటిల్లిపాదికీ చేరుతుంది
(తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



2020 మార్చిలో బడులు మూతపడినప్పుడు మన పిల్లల చదువు వాట్సాప్ గ్రూపులలోకి చేరింది. బడులు మళ్లీ తెరిచారు గాని గ్రూపులు మూతపడలేదు. వాటిలో ఉపాధ్యాయులు ఏ ధోరణిలో మాట్లాడుతున్నారన్నది నాకు చిన్న విషయంగా తోచడం లేదు.

మా వీధిలో ఒక మెకానిక్ సోదరుని కుమార్తె 2021లో ఏడవ తరగతి చదివేది. ఇంటికంతటికీ తండ్రి ఫోను ఒక్కటే. స్కాలర్‌షిప్పుకు ఆదాయ ధ్రువపత్రం ఇవ్వని పిల్లల పేర్లు గ్రూపులో పెట్టి, తరగతి ఉపాధ్యాయుడు కింద ఇలా వ్రాశారు: "ఉచితమంటే ముందుంటారు, కాగితమంటే కనిపించరు." పక్కన నవ్వే బొమ్మ. తండ్రికి తెలుగు చదవడం రాదు. ఏమి వ్రాశారో చెప్పమన్నాడు. కాగితం రేపు తెమ్మన్నారని మాత్రమే చెప్పి ఆ పిల్ల ఊరుకుంది. తరువాత మా ఇంటికి వచ్చి మా ఆవిడ దగ్గర ఏడ్చింది. ఆమె అనుమతితోనే ఈ సంగతి ఇక్కడ చెబుతున్నాను.

నేను వెళ్లి ఆ ఉపాధ్యాయుణ్ణి కలిశాను. ఆయన చెడ్డవారు కారు. "సరదాగా వ్రాశాను సార్, గ్రూపులో అందరం అలాగే మాట్లాడుకుంటాం" అన్నారు. తరగతిలో అన్న మాట గంట కొట్టేసరికి పోవచ్చు. ఫోనులో వ్రాసింది నలభై ఇళ్లలో నిలిచి ఉంటుంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఫోనులో చేసినంత మాత్రాన అది వేధింపు కాకుండా పోదు.

అలాగని చనువు వద్దని నేను అనను. "ఇందుమూలముగా తెలియజేయునది" అంటూ ముప్పై ఏళ్లు ముసాయిదాలు వ్రాసినవాడిని. ఆ భాష చూసి పేదవాడు ఎంత జంకుతాడో ఎరుగుదును. అదే బడిలో లెక్కల టీచరమ్మ రంజాన్ నెలలో "ఇఫ్తార్ అయ్యాక తీరిగ్గా చేసి పంపు తల్లీ" అని వ్రాసేవారు. అదీ చనువే. ఇక పొద్దుపోయాక ఆడపిల్లలకు విడిగా సందేశాలు పంపడం, ఎవరు ఏ ఉద్దేశంతో చేసినా, మనం అభ్యంతరం చెప్పవలసిందే.

ప్రభుత్వ బడుల యాజమాన్య కమిటీలలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని అదే చట్టం చెబుతోంది. ఎన్నుకునే రోజున మనవారు కనిపించరు, అది మన తప్పు. పిల్లల పేర్లు, లోటుపాట్లు గ్రూపులో పెట్టక ఇంటివారికి ఫోనులో చెప్పాలనీ, ముఖ్యమైన నోటీసులు ఉర్దూలో, కనీసం వాయిస్ సందేశంగానైనా పంపాలనీ కోరుతూ దరఖాస్తు వ్రాసి తెచ్చాను. బల్ల మీద ఉంది. సంతకం ఏ భాషలో చేసినా చెల్లుతుంది.