వ్రాసేవానికి కావలసిన పరిచయం

(రేడియో ప్రసంగ పాఠము. ధ్యాన భాగము: ఫిలేమోను పత్రిక)

 

ఈ ఉదయం ప్రత్యేకంగా రచయితలు కావాలని ఆశపడుతున్న యౌవనస్థులతో మాట్లాడాలని ఉన్నది. కథలు వ్రాసేవారు, పాటలు కట్టేవారు, పత్రికలో ఉద్యోగం కోరుకొనేవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. వారు అడిగే ప్రశ్న ఒక్కటే: “అయ్యగారూ, మనకు పెద్దవాళ్ళ పరిచయాలు లేవు. మన రాతలు ఎవరు అచ్చు వేస్తారు?”

ఈ ప్రశ్నను కొట్టిపారేయకూడదు. ఒంటరిగా కూర్చుని రచయిత అయినవాడు అరుదు. ఎవరో ఒకరు నేర్పాలి, ఎవరో ఒకరు విని బాగుందనాలి, ఎవరో ఒకరు వేదిక ఇవ్వాలి. అయితే పరిచయాలు రెండు రకాలు. ఎక్కి దాటిపోవడానికి వాడుకొనే నిచ్చెన వంటిది ఒకటి. మనిషిని మనిషిగా గౌరవించే బంధము రెండవది. ఈ రెండింటిలో మాటకు బలమిచ్చేది ఏది? ఒక ఉత్తరములోను, ఒక కవి జీవితములోను చూద్దాం.

మొదట ఉత్తరము. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రిక ఒక్కటే అధ్యాయము, 25 వచనములు. పౌలు బంధకములలో ఉన్నాడు. ఫిలేమోను దాసుడైన ఒనేసిము యజమానుని విడిచి వచ్చి, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. ఇప్పుడు అతనిని తిరిగి పంపాలి. ఆ కాలములో పారిపోయిన దాసుని యజమానుడు కఠినముగా శిక్షించవచ్చు. అంటే ఈ ఉత్తరము ఫలించకపోతే నష్టపోయేది వ్రాసిన పౌలు కాదు, మోసుకువెళ్ళే ఒనేసిము.

పౌలు ఎలా వ్రాశాడో గమనించండి. ఫిలేమోను పరిశుద్ధుల పట్ల చూపిన ప్రేమను ముందుగా తలచుకొని దేవునికి కృతజ్ఞత చెల్లించాడు. అది పొగడ్త కాదు, ఎరిగిన మనిషిని గూర్చిన నిజము. ఆజ్ఞాపించే ధైర్యము తనకు ఉన్నా ప్రేమనుబట్టి వేడుకొంటున్నానన్నాడు. ఒనేసిము పేరు పదవ వచనము వరకు ఎత్తనే లేదు. ఆ పేరుకు గ్రీకు భాషలో ప్రయోజనకరమైనవాడు అని అర్థము. ఆ అర్థము మీదనే మాట నడిపి, ఒకప్పుడు నీకు పనికిరానివాడు ఇప్పుడు మనిద్దరికీ పనికివచ్చేవాడు అన్నాడు. చివరకు, అతడు నీకు ఏమైనా బాకీ ఉంటే అది నా లెక్కలో చేర్చుకో, నేనే తీరుస్తానని తన స్వహస్తముతో వ్రాశాడు.

ప్రియులారా, పౌలు తన స్నేహాన్ని ఖర్చు పెట్టింది తన కొరకు కాదు. ఏ పరిచయమూ లేని ఒక దాసుని కొరకు. అందుకే ఆ ఉత్తరములోని ప్రతి మాటకు బరువు ఉన్నది.

ఇప్పుడు మన తెలుగు నేలకు వద్దాం. గుర్రం జాషువా గారు 1895 సెప్టెంబరు 28న వినుకొండలో పుట్టారు. ఆయనకు తలుపులు మూసినవారు ఇరువైపులా ఉన్నారు. వినుకొండలో ఒక అవధాన సభలో పద్యాలు చదివినందుకు, ఇతనిని సభలోనికి ఎందుకు రానిచ్చారని కులము పేరుతో అవమానించారు. పరమేశ్వరుని మీద పద్యాలు వ్రాశాడని క్రైస్తవ సంఘము వెలివేసింది. బయటివారు కులమన్నారు, లోపలివారు మతమన్నారు. సంఘముగా మనము ఈ సంగతి మరచిపోకూడదు.

మరి ఆయన కవి ఎలా అయ్యారు? చిన్ననాటి స్నేహితుడు దీపాల పిచ్చయ్యశాస్త్రి గారి సాంగత్యములో కవిత్వము మీద మక్కువ పెరిగింది. ఇద్దరూ జంటకవులుగా వ్రాయాలని కూడా తలపెట్టారు. జూపూడి హనుమచ్ఛాస్త్రి గారు ఆయనకు మేఘసందేశము, రఘువంశము, కుమారసంభవము నేర్పారు. సభలో కులమడిగినవారు ఉన్న రోజుల్లోనే, చదువు చెప్పి పక్కన కూర్చోబెట్టుకొన్న మనుషులూ ఉన్నారు.

బ్రతుకుతెరువు కొరకు 1915-16లో రాజమండ్రిలో మూకీ సినిమాలకు వాచకుడిగా పనిచేశారు. తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన నిలిచి కథను, సంభాషణలను చదివే పని అది. ప్రేక్షకుని మాటతో పట్టి కూర్చోబెట్టాలి. తరువాత గుంటూరులో ఉపాధ్యాయుడిగా ఎన్నో ఏండ్లు గడిపారు.

1941లో ‘గబ్బిలం’ వచ్చింది. కాళిదాసు మేఘముతో కబురు పంపిస్తే, జాషువా గారి అంటరాని పేదవాడు కాశీ విశ్వనాథునికి గబ్బిలముతో కబురు పంపాడు. గబ్బిలమే ఎందుకు? మనిషికి గుడి తలుపు మూసినా గబ్బిలాన్ని ఆపేవాడు లేడు గనుక. గురువు దగ్గర నేర్చుకొన్న కావ్యపు దారినే తన జనుల బాధ చెప్పుకొనే దారిగా మలచుకొన్నారు. తిట్టి ఉంటే చెవులు మూసుకొనేవారేమో. వారు పూజించే దేవునితోనే మొర పెట్టుకొంటే వినక ఏమి చేస్తారు? చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారంతటి పండితుడు ఆయన కాలికి గండపెండేరము తొడిగారు. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చింది. 1957 నుండి 1959 వరకు ఆయన మద్రాసు రేడియో కేంద్రములో కార్యక్రమాలు రూపొందించారు. కనుక ఆయన పేరు రేడియోకు కొత్తది కాదు.

యౌవనస్థులారా, మూడు సంగతులు మనసులో ఉంచుకోండి.

మొదటిది, అడిగేముందు ఎరుగండి. ఏ పత్రికకు పంపుతున్నారో దానిని కొన్ని నెలలైనా చదవండి. సంపాదకునికి ఉత్తరము వ్రాస్తే చదివి నచ్చినదేమిటో నిజముగా చెప్పండి. చదవకుండా చేసే పొగడ్త మొదటి వాక్యములోనే దొరికిపోతుంది.

రెండవది, కాదనే స్వేచ్ఛ ఎదుటివానికి ఇవ్వండి. పౌలు ఫిలేమోను సమ్మతి లేకుండా ఏమీ చేయనన్నాడు. రాతప్రతి తిరిగివస్తే అలగకండి. దిద్దిచ్చినవాని మీద కోపగించుకోకండి. మీ తప్పులు దిద్దడానికి ఒక సాయంత్రము వెచ్చించినవాడు సిఫారసు ఉత్తరము ఇచ్చినవానికంటె ఎక్కువ మేలు చేశాడు. మీరు కూడా తోటివాని ప్రూఫులు చదివిపెట్టండి, వాని కథ విని మాట చెప్పండి.

మూడవది, మీ మాట ఎవరి కొరకు? ఒప్పించే నేర్పు కత్తి వంటిది. ఆ నేర్పుతోనే అబద్ధాన్నీ అమ్మవచ్చు. నా మాట నమ్మినవానికి మేలు కలుగుతుందా, నాకు మాత్రమేనా అని అడుగుకోండి. ఫిలేమోను ఇంట ఒనేసిము సహోదరుడిగా అడుగుపెట్టాలని పౌలు వ్రాశాడు. గుడి బయట నిలిచినవాని మొర లోపల వినబడాలని జాషువా గారు వ్రాశారు.

పేరున్న ఇంటి తలుపు తట్టడానికి తొందరపడకండి. ఈ వారము మీ వీధిలో అర్జీ వ్రాసుకోలేని తల్లి ఎవరైనా ఉంటే ఆమె పక్కన కూర్చోండి. ఆమె చెప్పినది పూర్తిగా విని, ఆఫీసరు చదివి కదిలేలా ఒక కాగితము వ్రాసిపెట్టండి. ఆమెకు ఆ పింఛను వస్తే, మీ మొదటి రచన అచ్చు కాకుండానే ఫలించినట్టు.

తలలు వంచుదాము. పరలోకమందున్న తండ్రీ, వ్రాయాలని ఆశించే నీ బిడ్డలకు వినే చెవిని, సత్యము పలికే కలమును దయచేయుము. మేము మూసిన తలుపులను మాచేతనే తెరిపించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.